పలక తుడిచాక కరెంటు పోతే: సేవ్ నొక్కినప్పుడు ఎడిటర్ ఏం చేస్తుంది

నమస్కారం. పేరు చివర ~ గుర్తు ఉన్న ఫైలు కనబడగానే చెత్త అనుకుని తీసేసేవారు కొందరు, అదే ఫైలును చూసి తమ పని భద్రంగా ఉందని నిశ్చింతగా ఉండేవారు మరికొందరు నాకు తరచుగా తారసపడుతుంటారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. ఇంకా సేవ్ చేయని రాతను కాపాడటం, సేవ్ జరుగుతున్న క్షణంలో ఫైలును కాపాడటం, సేవ్ పూర్తయ్యాక కూడా పాత ప్రతిని అట్టే పెట్టడం అనే మూడు వేర్వేరు పనులకు ఎడిటర్లలో, అంటే టెక్స్ట్ ఫైళ్లు రాసే ప్రోగ్రాముల్లో, మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. మనం ఆ మూడింటినీ బ్యాకప్ అనే ఒక్క మాటతో చుట్టేస్తాం. నేను ఎక్కువ సమయం రెండోదానికే కేటాయిస్తాను, ఎందుకంటే దాన్ని మనం కళ్లతో చూడలేం, కానీ పాతదీ కొత్తదీ కలిసి పోయేది అక్కడే.

మా బాబాయి గారు చాలా ఏళ్లుగా మా ఊరి పల్లెమాటలను, వాటి అర్థాలను ఒకే టెక్స్ట్ ఫైలులో చేరుస్తూ వచ్చారు. ఒక సాయంత్రం నాలుగు కొత్త మాటలు చేర్చి సేవ్ నొక్కారు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి చూస్తే ఫైలు ఉంది, పేరు ఉంది, పరిమాణం మాత్రం 0 బైట్లు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు: "ఇవాళ చేర్చిన నాలుగు మాటలు పోయాయంటే సరే, ఎప్పుడో రాసినవి ఎలా పోయాయిరా?"

రేషన్ దుకాణం గుమ్మం పక్కన మేకుకు వేలాడే నల్లపలకను ఒకసారి గుర్తు చేసుకోండి. బియ్యం ఎంత ఉంది, పంచదార ఎంత ఉంది అని నిల్వల లెక్క దాని మీద రాసి ఉంటుంది. కందిపప్పు లెక్క ఒక్కటే మారినా డీలరు తడిగుడ్డతో పలకంతా తుడిచి, మొదటి వరస నుంచి మళ్లీ రాస్తాడనుకుందాం. సాదాసీదా ఎడిటర్ సేవ్ చేసే పద్ధతి కూడా ఇదే. ఫైలు మధ్యలో ఒక మాటను ఇరికించి, మిగిలిన భాగాన్ని పక్కకు జరపమని చెప్పే మామూలు ఆదేశం ఆపరేటింగ్ సిస్టమ్‌లో లేదు. అందువల్ల ఎడిటర్ ముందుగా ఫైలు పొడవును సున్నా చేస్తుంది, ఆ తరువాత తన దగ్గర ఉన్న రాతనంతా మొదటి నుంచి రాస్తుంది. తుడవడానికీ రాయడానికీ నడుమ కరెంటు పోతే మిగిలేది ఖాళీ పలకే. బాబాయి గారి పాత మాటలు పోయింది ఆ నడుమనే.

డిస్క్ నిండిపోయినప్పుడు కూడా ఇదే గతి పడుతుంది. పలక తుడిచేశాక చేతిలో బలపం లేదని తెలియడం వంటిది అది. అలాంటి హెచ్చరిక కనబడితే ఎడిటర్‌ను మూయకండి. మీ రాత ఆ క్షణంలో ఎడిటర్ జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లేకపోవచ్చు. మన భాషలో రాసేవారికి ఇంకొక చిక్కు కూడా ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి మనం ఒకే అక్షరంగా చూసే "జ్ఞా" నాలుగు సంకేతాలు కలిసి 12 బైట్లు అవుతుంది. రాత 4,096 బైట్ల దగ్గర తెగిందనుకోండి, అంతవరకూ ఉన్నవన్నీ తెలుగు సంకేతాలే అయితే 1,365 సంకేతాలు పట్టాక ఒక్క బైటు మిగులుతుంది. అంటే ఫైలు ఒక అక్షరం మధ్యలో తెగుతుంది, ఆపైన కొన్ని ఎడిటర్లు దాన్ని యూటీఎఫ్-8గా గుర్తించలేక తెరనిండా పిచ్చి గుర్తులు చూపిస్తాయి.

[తెరపై: ఒక మేకు, రెండు పలకలు]

దీనికి విరుగుడు డీలరుకైనా తట్టేదే. పాత పలకను మేకుకే ఉంచి, లోపల రెండో పలక మీద లెక్కంతా రాసి, రాయడం పూర్తయ్యాక దాన్ని తెచ్చి మేకుకు తగిలించాలి. ఫైళ్ల ప్రపంచంలో పేరు మేకు వంటిది, లోపలి రాత పలక వంటిది. ఎడిటర్ అదే ఫోల్డర్‌లో తాత్కాలికంగా ఇంకొక ఫైలు రాసి, చివరికి దానికి అసలు పేరు పెడుతుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఈ పేరు మార్పిడి విడదీయరాని ఒకే చర్య. ఆ పేరుతో ఫైలు తెరిచిన ఏ ప్రోగ్రామ్‌కైనా పాతది పూర్తిగా కనబడుతుంది లేదా కొత్తది పూర్తిగా కనబడుతుంది, సగం తుడిచిన పలక ఎవరి కంటా పడదు. అయితే రెండు ఫైళ్లూ డిస్క్ మీద ఫైళ్లను అమర్చి ఉంచే ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉండాలి. పక్క ఊళ్లో రాసిన పలకను ఇక్కడి మేకుకు ఒక్క క్షణంలో తగిలించలేం కదా, అది మోసుకురావడం అవుతుంది, దారిలో మళ్లీ ఏదైనా జరగవచ్చు.

ఇంతటితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు, నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి పలక మీద రాసేది డీలరు కాదు, ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు. ఆ కుర్రవాడే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్య భాగం. ఎడిటర్ "ఇది రాయి" అంటే వాడు "సరే" అంటాడు, కానీ పని కలిసి వస్తుందని ఆ మాటలను కాసేపు తలలోనే ఉంచుకుని తరువాత రాస్తాడు. 2009లో లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 9.04 విడుదలకు ముందు దాన్ని పరీక్షిస్తున్నవారికి ఎదురైన కష్టం సరిగ్గా ఇదే. అప్పటికి కొత్తగా వచ్చిన ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డిస్క్ మీద చోటు కేటాయించడాన్ని వాయిదా వేసే పద్ధతి ఉంది. దానివల్ల పేరు మార్పు ముందుగా డిస్క్‌కు చేరి, అసలు రాత పదుల సెకన్ల తరువాత చేరే వీలు ఏర్పడింది. ఆ లోపల సిస్టమ్ ఆగిపోతే సెట్టింగుల ఫైళ్లు 0 బైట్లతో మిగిలాయి. కుర్రవాడు ఖాళీ పలకను ముందు మేకుకు తగిలించి, తీరిగ్గా రాద్దాం అనుకున్నాడన్నమాట. ఎక్స్‌ట్4 బాధ్యతలు చూసే థియోడోర్ త్సో, రాత డిస్క్‌కు చేరిందో లేదో నిర్ధారించుకోవలసిన బాధ్యత ప్రోగ్రాములదే అని వాదించారు. అయినా పేరు మార్పిడి జరిగేటప్పుడు రాతను కూడా ముందుకు తోసే సవరణలను లైనక్స్ కెర్నల్ 2.6.30 కూర్పులో చేర్చారు. వాదనలో న్యాయం ఆయన వైపే ఉందని నేను నమ్ముతాను, కానీ పోయిన ఫైలు ముందు కూర్చున్న మనిషికి ఆ న్యాయం ఏమీ తిరిగి ఇవ్వదు. నిర్ధారించుకునే ఆ ఆదేశం పేరు ఎఫ్‌సింక్: "రాయడం అయిందని చెప్పేదాకా నేను ఇక్కడే నిలబడతాను" అని కుర్రవాడితో అనడం. సేవ్ నొక్కాక ఒక్కోసారి ఎడిటర్ అరక్షణం బిగుసుకుపోయినట్లు అనిపిస్తే, అది బహుశా ఆ నిలబడటమే. దయచేసి వేగం కోసం దాన్ని ఆపివేయకండి.

[తెరపై: విమ్ సేవ్ చేస్తుండగా సిస్టమ్ కాల్స్ (ఎడిటర్ కెర్నల్‌కు ఇచ్చే ఆదేశాల) వరుస]

ఇప్పుడు విమ్ అనే ఎడిటర్ చేసే పనిని దగ్గరగా చూడండి. ముందుగా అది ఫోల్డర్‌లో 4913 అనే పేరుతో ఒక ఖాళీ ఫైలును సృష్టించి వెంటనే తీసేస్తుంది. ఇక్కడ కొత్త పలక తగిలించే హక్కు తనకు ఉందో లేదో తెలుసుకోవడానికి చేసే పరీక్ష అది. ఆ పేరు అప్పటికే ఉంటే 123 కలిపి 5036 ప్రయత్నిస్తుంది. తరువాత "మాటలు" అనే అసలు ఫైలు పేరును "మాటలు~"గా మారుస్తుంది, ఖాళీ అయిన మేకుకు కొత్త ఫైలు తగిలించి రాస్తుంది, ఎఫ్‌సింక్ చేస్తుంది, అన్నీ సవ్యంగా ముగిశాక ~ ఫైలును తొలగిస్తుంది. కాబట్టి మీరు బ్యాకప్ ఉంచమని అడగకపోయినా విమ్‌లో రాసే ఫైలు పక్కన ~ ఫైలు మిగిలి ఉందంటే, ఏదో ఒక సేవ్ మధ్యలో ఆగిపోయి ఉండవచ్చని అర్థం. దాన్ని చెత్త అనుకుని తీసేసేవారిని చూస్తే నా ప్రాణం చివుక్కుమంటుంది.

పలక మార్చడానికి ఖరీదు లేకపోలేదు. ఒకే పలకను రెండు మేకులకు తగిలించి ఉంటే, అంటే ఒకే ఫైలుకు రెండు పేర్లు (హార్డ్ లింకులు) ఉంటే, ఒక మేకు మీద కొత్తది వస్తుంది, రెండో మేకుకు పాతదే వేలాడుతుంది. డాకర్ అనే సాధనం ప్రోగ్రాములను విడిగా నడిపే కంటైనర్‌లోకి బయటి ఫైలు ఒక్కదాన్నే కనబడేలా జోడించి (మౌంట్ చేసి), బయట ఎడిటర్‌తో ఎన్నిసార్లు మార్చినా లోపల పాతదే కనబడుతోందని తల పట్టుకునేవారి కష్టానికి తరచుగా ఇదే కారణం, ఎందుకంటే కంటైనర్ పట్టుకున్నది మేకును కాదు, పాత పలకను. ఇలాంటి లింకులు ఉన్నాయని గమనిస్తే విమ్ పేరు మార్చడం మాని, పాతదానికి ప్రతి తీసుకుని అసలు పలక మీదనే తుడిచి రాస్తుంది.

సమయం మించిపోతోంది, మిగిలిన రెండు ఏర్పాట్లను త్వరగా చెబుతాను. సేవ్ చేయని రాత కోసం విమ్ స్వాప్ ఫైలును నడుపుతుంది. 200 అక్షరాలు టైపు చేశాక గానీ, 4 సెకన్లు ఊరకే ఉన్నాక గానీ దాన్ని తాజా చేస్తుంది. ఈమాక్స్ అనే ఎడిటర్ ఫైలు పేరుకు రెండు వైపులా # గుర్తులు పెట్టి, మామూలుగా 300 కీలకు ఒకసారి రాస్తుంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ సేవ్ కాని రాతను వేరే ఫోల్డర్‌లో దాచి, మళ్లీ తెరిచినప్పుడు తెచ్చి ముందు పెడుతుంది.

ఇక పాత ప్రతిని అట్టే పెట్టే మూడో ఏర్పాటు. ఈమాక్స్ ఉంచే ~ ఫైలు వేరే రకం, ఇక్కడ జాగ్రత్తగా వినండి. అది కిందటి సేవ్ కాదు, మీరు ఫైలును తెరిచినప్పుడు ఉన్న స్థితి. మొదటి సేవ్‌కు మాత్రమే అది తయారవుతుంది. ఉదయం తెరిచి సాయంత్రం వరకు నలభై సార్లు సేవ్ చేసినా అందులో ఉండేది ఉదయపు రాతే. పైగా ఫైలు మార్పుల చరిత్రను దాచే గిట్ వంటి సాధనాల అధీనంలో ఉంటే, మనం ప్రత్యేకంగా అడగనిదే ఆ ~ ఫైలు తయారుకాదు. ప్రతి సేవ్‌కూ రెండో పలక పద్ధతి కావాలంటే ఫైల్-ప్రెషస్-ఫ్లాగ్ అనే అమరికను ఆన్ చేసుకోవాలి.

చివరగా, విమ్ తెరవగానే స్వాప్ ఫైలు ఉందన్న ఈ325 హెచ్చరిక వస్తే, ఆ ఫైలు ఇంకొక విండోలో తెరిచి లేదని ముందు రూఢి చేసుకోండి. తరువాత రికవర్ ఎంచుకుని, వచ్చిన రాతను వేరే పేరుతో సేవ్ చేసి, డిస్క్ మీదున్న ఫైలుతో పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి. స్వాప్ ఫైలును తీసేయడం ఆ పోలిక ముగిశాకే.