చూడటానికి వచ్చారా, చూసుకోవడానికి వచ్చారా?

అందరికీ నమస్కారం. ఈరోజు కారులో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను, వెనకాల కార్ సీట్, దాంట్లో బిస్కెట్ల పొడి, అన్నీ కనిపిస్తాయి, ఏమీ అనుకోకండి. ఇంట్లో చిన్నోడు ఇప్పుడే పడుకున్నాడు, మా ఆయన పక్క గదిలో మీటింగులో ఉన్నారు. కాస్త నిశ్శబ్దంగా ఉండే చోటు గరాజ్‌లో ఈ కారు ఒక్కటే.

పోయిన వీడియోలో మా అమ్మ తిరిగి తెనాలి వెళ్లిపోతుంటే ఎయిర్‌పోర్టులో ఏడ్చేశానని చెప్పాను కదా. దాని కింద ఒకాయన రాశారు: "ఏడుపు అమ్మ కోసమా, ఫ్రీగా దొరికిన ఆయా వెళ్లిపోయినందుకా?" అని. మొదట చాలా కోపం వచ్చింది, డిలీట్ చేద్దామనుకున్నా. తర్వాత రాత్రి అంట్లు సర్దుతుంటే అనిపించింది, ఆయన అన్నదాంట్లో సగం నిజమే కదా అని. ఆ సగం గురించే ఈరోజు.

అమ్మ ఆదివారం వెళ్లింది. బుధవారం పొద్దున పది గంటలకి డేకేర్ నుంచి ఫోన్. పిల్లాడికి 101 జ్వరం, గంటలో వచ్చి తీసుకెళ్లండి అని. ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకి ఈ రూల్ తెలుసు, లేనివాళ్లకి చెప్తాను. మామూలుగా 100.4 దాటితే పిల్లల్ని ఉంచుకోరు, ఇంటికి తీసుకెళ్లాక మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే మళ్లీ రానిస్తారు. అంటే ఈరోజు పోయినట్టే, రేపు కూడా పోయినట్టే. ఇక మా ఇద్దరికీ గొడవ మొదలు. నీ మీటింగ్ ముఖ్యమా, నా మీటింగ్ ముఖ్యమా? నాది క్లయింట్ డెమో, ఆయనది ప్రొడక్షన్ ఇష్యూ. పార్కింగ్ లాట్‌లో ఫోన్లో అరుచుకుంటున్నాం, పక్క కారులో ఆవిడ అద్దం దించి మరీ చూసింది.

అమ్మ ఉన్నప్పుడు ఇదే ఫోన్ నాలుగైదు సార్లు వచ్చింది. అప్పుడు గొడవ లేదు. వెళ్లి తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అంతే తేడా.

చాలామంది తెలుగు ఇళ్లలో ఇది రిలే పరుగులాంటిది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఎయిర్‌పోర్టులో మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, ఎప్పటిదాకా ఉండొచ్చో ఐ-94 అనే రికార్డులో తేదీ ఉంటుంది. అందుకని అమ్మ ఆరు నెలలు, అత్తగారు ఆరు నెలలు. ఒకళ్లు దిగిన వారానికి ఇంకొకళ్లు ఎక్కేటట్టు టికెట్లు చూసుకుంటాం. ఈసారి మామగారికి శుక్లాల ఆపరేషన్ ఉండి అత్తగారి ప్రయాణం మూడు వారాలు వెనక్కి జరిగింది, ఆ సందులో పడిందన్నమాట మా జ్వరం.

మొదటిసారి అమ్మ వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్లో ఏమడిగితే ఏం చెప్పాలో కాగితం మీద తెలుగు లిపిలో ఇంగ్లీషు రాసిచ్చాం. ఎందుకు వచ్చారు? మనవణ్ణి చూడటానికి. మన భాషలో చూడటానికీ, చూసుకోవడానికీ ఎంత తేడా, ఒక్క ముక్కేగా. కాళ్లు శుభ్రంగా ఉన్న మనిషికి వీల్‌చైర్ కూడా పెట్టించాం, విమానం మారే దోహాలో గేటు వెతుక్కోలేదని. సూట్‌కేసులో ఆవకాయ, సున్నుండలు, ఆరు నెలలకి సరిపడా బీపీ మాత్రలు. ఇక్కడ విజిటర్ ఇన్సూరెన్స్ కొన్నా పాత జబ్బులకి పెద్దగా పనికిరాదు, కాబట్టి ఆరు నెలలూ అమ్మకి ఏమీ కాకూడదని మొక్కుకోవడమే.

ఇంతదాకా ఎందుకొచ్చిందంటే, నాకు డెలివరీ అయినప్పుడు కొత్త ఉద్యోగంలో చేరి తొమ్మిది నెలలే. ఎఫ్‌ఎంఎల్‌ఏ అని 1993లో వచ్చిన చట్టం ఉంది, 12 వారాలు సెలవు పెట్టుకోవచ్చు, ఉద్యోగం పోదు. కానీ జీతం ఇమ్మని ఆ చట్టం చెప్పదు. అది కూడా కంపెనీలో 50 మంది ఉండాలి, మనం ఏడాది పనిచేసి ఉండాలి, ఆ ఏడాదిలో 1,250 గంటలు నిండాలి. నాకు ఏడాదే నిండలేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల రాష్ట్రం తరఫున కొంత డబ్బు వస్తుంది, మేముండేది టెక్సాస్, ఇక్కడ అలాంటి పథకం లేదు. కుట్లు ఆరకముందే ఆరో వారంలో లాగిన్ అయ్యాను. హైదరాబాద్‌లో మా పిన్ని కూతురు జీతంతో 26 వారాలు ఇంట్లో ఉంది, 2017లో మన దగ్గర చట్టం మార్చారుగా. దానికి ఫోన్ చేస్తే, "అక్కా, నువ్వు అమెరికాలో ఉన్నావా, ఇంకెక్కడైనా ఉన్నావా?" అని నవ్వింది.

డేకేర్ ఫీజు మాకు నెలకి 1,700 డాలర్లు. ఇంటి లోన్ తర్వాత పెద్ద ఖర్చు అదే. దీనికోసం పన్ను పడకుండా కొంత జీతం పక్కన పెట్టుకునే అకౌంట్ ఉంటుంది, డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ అంటారు. దాని పరిమితి ఏడాదికి 5,000 డాలర్లు, 1986లో పెట్టింది. నేను పుట్టకముందు మాట! 2026 నుంచి 7,500 చేశారు, అయినా మాకు నాలుగున్నర నెలలు కూడా రాదు.

సరే, ఇవన్నీ చెప్పి నేను తప్పించుకోవట్లేదు. చట్టం జీతం ఇవ్వకపోతే ఆ భారం మోసింది ఎవరు? అరవై మూడేళ్ల మా అమ్మ. డ్రైవింగ్ రాదు, నేను తీసుకెళ్తే గుడి, లేకపోతే గుమ్మం. పగలంతా పిల్లాడితో తప్ప మాట్లాడే మనిషి లేదు, వాడికేమో ఇంకా మాటలే సరిగ్గా రావు. అక్కడ నాన్న ఆరు నెలలు కర్రీ పాయింట్ కూరలు తిని షుగర్ పెంచుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పొద్దని అమ్మకి ఆర్డర్. ఇవన్నీ తెలిసి కూడా, "ఉండు అమ్మా, ఇంకో రెండు నెలలు" అన్నది నేనే.

ఆ కామెంట్ చదివిన మర్నాడు అమ్మకి ఫోన్ చేశాను. ఇక్కడ పొద్దున పదిన్నరంటే అక్కడ రాత్రి తొమ్మిది, సీరియల్ మధ్యలో ఎత్తింది. నేరుగా అడిగాను, "నిజం చెప్పు, నీకు ఎన్నాళ్లు ఉండాలనిపిస్తుంది?" అని. మొహమాటపడింది. "మీ ఇష్టమేనమ్మా, పిల్లాడి కోసం వస్తానుగా" అంది. మళ్లీ అడిగితే అప్పుడు చెప్పింది: "మూడు నెలలైతే సరదాగానే ఉంటుందే. నాలుగో నెల నుంచి ఫ్రిజ్ మీద క్యాలెండర్ చూస్తూ ఉంటాను."

నాలుగో నెల! మూడు ప్రయాణాలయ్యాయి, ఇన్నాళ్లూ నేను ఆ మాటే అడగలేదు.

అందుకని మా ఆయనా నేనూ కూర్చుని లెక్క వేశాం. ఇకనుంచి అమ్మ మూడు నెలలే, అత్తగారిని కూడా అడిగి ఆవిడ ఎన్నంటే అన్ని. మిగతా నెలలు డేకేరే. జ్వరం వస్తే సోమ, మంగళ, బుధ ఆయన, గురు, శుక్ర నేను. బుధవారం ఎవరిదన్న దాని మీద అరగంట వాదన జరిగింది, అది వేరే సంగతి. పర్ఫెక్ట్ ఏమీ కాదు, రెండో వారంలోనే ఆయన మేనేజర్ మొహం మాడ్చుకున్నాడట.

ఇంకొకటి, మూడుసార్లు అమెరికా వచ్చిన మా అమ్మ ఇప్పటిదాకా నయాగరా చూడలేదు. ప్రతిసారీ వెళ్దామనుకోవడం, వాడికి చెవి నొప్పో, నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజో. తెనాలిలో వీధిలో అందరూ అడుగుతారట, నయాగరా చూశావా వదినా అని, చూశానని అబద్ధం చెప్పేస్తుందట. వచ్చే సెప్టెంబరుకి నయాగరా దగ్గరుండే బఫెలోకి టికెట్లు తీశాను. రెండే టికెట్లు, అమ్మకీ నాకూ. ఆ నాలుగు రోజులూ జ్వరాలన్నీ మా ఆయనవే, ఫ్రిజ్ మీద క్యాలెండర్లో ఆయన చేతే రాయించాను.