ఒకే ధరకు రెండు కార్డులు

విద్యార్థి మిత్రులకు, అధ్యాపకులకు నమస్కారం.

ఈ బల్ల మీద, కంప్యూటర్ తెర మీది బొమ్మలు గీసే రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టాను. ఎడమవైపు ఉన్నది ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 టీఐ, 2020 డిసెంబరులో వచ్చింది. కుడివైపుది ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 2023 మేలో వచ్చింది. విడుదలప్పుడు రెండింటికీ ప్రకటించిన ధర ఒక్కటే, 399 డాలర్లు. రెండింటిలోనూ 8 జీబీ మెమరీయే ఉంది. కంప్యూటర్ కొనే ముందు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న, "ఈ రెండింటిలో ఏది బాగుంటుంది?" అని. ఏ పనికి, ఏ కంప్యూటర్‌లో పెట్టడానికి అన్నది తెలియకుండా నేను దానికి జవాబు చెప్పను. ఎందుకు చెప్పనో వివరించడానికే ఈ రోజు వచ్చాను.

ముందు పెట్టె మీది అంకెలు చూద్దాం. పాత కార్డులో లెక్కలు చేసే కోర్లు 4,864. కొత్తదానిలో 4,352 మాత్రమే, అంటే తగ్గాయి. కానీ వాటి వేగం 1,665 మెగాహెర్ట్జ్ నుంచి 2,535కు పెరిగింది. ఒక్కో కోరు ఒక్కో అడుగులో రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి, కోర్లనూ వేగాన్నీ గుణించి రెట్టింపు చేస్తే పాతదానికి 16.2 టెరాఫ్లాప్స్ (టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు), కొత్తదానికి 22 వస్తాయి. కాగితం మీద మూడో వంతుకు మించిన పెరుగుదల. అయితే 1080పీ (1920×1080 చుక్కల) తెరపై ఆటలు ఆడించి చూస్తే తేడా పది శాతం అటూ ఇటూగా ఉంటుంది. అంతకు నాలుగింతల చుక్కలుండే 4కే తెరకు వెళితే అదీ కరిగిపోతుంది, కొన్ని ఆటల్లో పాత కార్డే ముందుంటుంది. మిగిలిన బలం ఎక్కడికి పోయింది?

కాలువ కింద సేద్యం చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. పొలం ఎంత సారవంతమైనదైనా నీరు అందినంత మేరకే పండుతుంది. గ్రాఫిక్స్ కార్డులో పొలం కోర్లయితే, కాలువ మెమరీ బస్సు, అంటే మెమరీ నుంచి కోర్లకు సమాచారం పారే దారి. పాత కార్డు కాలువ వెడల్పు 256 బిట్లు, అందులో సెకనుకు 448 జీబీ పారుతుంది. కొత్తదానిలో ఆ వెడల్పును సరిగ్గా సగం చేసి 128 బిట్లకు తెచ్చారు. మెమరీ చిప్పుల వేగం పెంచినా పారేది 288 జీబీయే. ఈ లోటు పూడ్చడానికి పొలం గట్టునే పెద్ద కుంట తవ్వారు. అదే ఎల్2 క్యాషే, అంటే కోర్ల పక్కనే చిప్పులో ఉండే చిన్న, వేగమైన మెమరీ. పాతదానిలో 4 ఎంబీ ఉంటే కొత్తదానిలో 32 ఎంబీ. పదే పదే కావలసిన సమాచారం కుంటలోనే దొరికితే కాలువ దాకా వెళ్లే పని ఉండదు. 1080పీలో ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. 4కేలో గీయాల్సిన చుక్కలు నాలుగింతలవుతాయి, కుంట చాలదు, మళ్లీ ఆ సన్నకాలువే గతి. ఇది తెలివైన నిర్మాణమే, కాదనను. విద్యుత్తు కూడా 200 వాట్ల నుంచి 160కి తగ్గింది. రోజుకు నాలుగు గంటలు పూర్తి భారంతో వాడేవారికి ఏడాదికి 58 యూనిట్లు మిగులుతాయి, వేసవిలో గదికి అంత వేడీ తగ్గుతుంది. కానీ రెండున్నరేళ్ల తర్వాత అదే ధరకు మళ్లీ 8 జీబీయే ఇవ్వడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఆ 8 జీబీ నిండినప్పుడు ఏమవుతుందో చూడండి. మిగిలిన సమాచారం మదర్‌బోర్డు గుండా ప్రధాన మెమరీ నుంచి రావాలి. 3060 టీఐకి ఆ దారిలో 16 వరుసలుంటే, 4060 టీఐకి ఎనిమిదే. కొత్త మదర్‌బోర్డులో ఆ ఎనిమిది వరుసల మీద సెకనుకు దాదాపు 16 జీబీ వస్తుంది. కార్డును బోర్డుకు కలిపే ఆ దారి పాత తరం, అంటే పీసీఐఈ 3.0 అయిన బోర్డులో అది 8కి పడిపోతుంది. పాత కంప్యూటర్‌కు కొత్త కార్డు తగిలించుకుందామనుకునే విద్యార్థి మీదే ఈ భారం పడుతుంది. కార్డుల పోలికలు సాధారణంగా సరికొత్త బోర్డు మీద చేస్తారు కాబట్టి ఈ లోటు అక్కడ కనబడదు.

ఇక కొలిచే పద్ధతి. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే 60 బొమ్మలు, అనే సగటును నమ్మి ఎన్నోసార్లు మోసపోతాం. ఒక సెకనులో 59 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చాయనుకోండి, 590 అయింది. చివరి ఒక్క ఫ్రేముకు 410 పట్టింది. లెక్కకు 60 ఫ్రేములూ ఉన్నాయి. ఆడేవాడికి మాత్రం తెర దాదాపు అర సెకను కొయ్యబారిపోయింది. అందుకే సగటుతో పాటు అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల అంకెనూ, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్నీ చూడాలి. మెమరీ నిండిన కార్డు బండారం అక్కడే బయటపడుతుంది. ప్రాసెసర్ బలహీనమైతే రెండు కార్డులూ ఒకే అంకె చూపిస్తాయి. అప్పుడు మనం కొలిచింది ప్రాసెసర్‌నే.

కొత్త కార్డులో ఫ్రేమ్ జనరేషన్ అనే సదుపాయం ఉంది, పాతదానికి లేదు. గీసిన రెండు ఫ్రేముల మధ్య ఇంకొకటి ఊహించి చేర్చడం దాని పని. కదలిక నున్నగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ మధ్య ఫ్రేములో మీ మౌస్ కదలిక ఉండదు, పైగా రెండో ఫ్రేమును కాసేపు ఆపి పట్టుకోవాలి. కాబట్టి ఆ అంకెను పాత కార్డు అంకె పక్కన పెట్టి "ఇంత వేగం" అనడం న్యాయం కాదు. వీడియోలు చేసేవారికి మాత్రం ఒక మాట చెప్పాలి. ఏవీ1 పద్ధతిలో వీడియోను కుదించే యంత్రాంగం కొత్తదానిలోనే ఉంది. మీ పని అదే అయితే నా ఓటు దానికే.

చివరగా నన్ను నిజంగా ఉత్సాహపరిచే పోలిక. ఇప్పుడు మీలో చాలామంది మాటలు రాసే కృత్రిమ మేధ భాషా నమూనాలను సొంత కంప్యూటర్‌లో నడపాలని చూస్తున్నారు. 700 కోట్ల పారామితులు (నమూనా నేర్చుకున్న అంకెలు) ఉన్న నమూనాను నాలుగేసి బిట్లకు కుదిస్తే సుమారు 3.5 జీబీ అవుతుంది. అది ఒక్కో టోకెను, అంటే ఒక పదం లేదా పదం ముక్క, రాయడానికి ఆ మొత్తాన్ని ఒకసారి చదవాలి. 32 ఎంబీ కుంట దాని ముందు చెంచాడు నీళ్లు. ఇక్కడ కాలువదే రాజ్యం. 448ని 3.5తో భాగిస్తే సెకనుకు 128 టోకెన్లు, 288ని భాగిస్తే 82. ఇవి సిద్ధాంతపరమైన గరిష్ఠాలే, ఆచరణలో తగ్గుతాయి. అయినా కొత్త కార్డు కంటే పాతదే ముందుండడానికి కారణం మీకు కనబడుతోంది. అదే నమూనాను కుదించకుండా 16 బిట్లలో నడపాలంటే 14 జీబీ కావాలి, ఈ రెండింటిలోనూ పట్టదు. 2023 జులైలో 499 డాలర్లకు వచ్చిన 16 జీబీ 4060 టీఐలో పడుతుంది, కానీ దాని కాలువా 288 జీబీయే. సెకనుకు 21 టోకెన్లు దాటదు.

ఇప్పుడు చేసి చూద్దాం. కంప్యూటర్, డ్రైవరు, సెట్టింగులు మార్చం, కార్డు ఒక్కటే మారుస్తాం. మొదట పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ తర్వాత ఒక్కో పరీక్ష మూడుసార్లు నడుపుతాం. ఇద్దరు ముందుకు రండి. ఒకరు ఫ్రేము సమయాలు, ఇంకొకరు ఉష్ణోగ్రత రాసుకోవాలి. పాత కార్డుతో మొదలుపెడదాం.