ఎంఎస్ దరఖాస్తు: పరీక్ష కంటే ముందు కాగితాలు

[తెర మీద: నీళ్లు లేని డెల్టా కాలువ, గట్టు మీద కొబ్బరిచెట్లు. పక్కన పట్టీ: ఏప్రిల్]

నమస్కారమండి. దాళ్వా మాసూళ్లు అయిపోయాయి, కాలువలు కట్టేశారు. ఇంజనీరింగ్ మూడో ఏడు పూర్తి కావస్తూ, వచ్చే ఏడాది ఆగస్టుకి అమెరికాలో ఎంఎస్‌లో చేరాలనుకునే వాళ్లకి పని మొదలయ్యేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఇంకా పదహారు నెలలుంది కదా అనిపిస్తుంది. కానీ దరఖాస్తు పెట్టాల్సింది చేరే ఆగస్టుకి ముందొచ్చే నవంబరు, డిసెంబరుల్లో. అంటే ఈ సార్వా కోతలయ్యేలోపు మీ కాగితాలన్నీ చేతిలో ఉండాలి.

ఎంఎస్ సీటుకి చాలా యూనివర్సిటీలు అడిగే పరీక్ష జీఆర్ఈ. దాని గురించి ఈ వీడియోలో కొంచెమే చెబుతాం. చదవడం, రాయడం మీ చేతిలో పని. పేరు సరిచేయించడం, మెమోలు తెచ్చుకోవడం, మాస్టార్ల ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు మాత్రం వేరేవాళ్ల చేతుల్లో ఉంటాయి. దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

[తెర మీద: పదో తరగతి మెమో, పక్కన పాస్‌పోర్టు మొదటి పేజీ. రెండింట్లో పేరు ఉన్న వరుస పెద్దగా]

మొదట పేరు చూసుకోండి. మన జిల్లాల్లో అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. వీర వెంకట సత్యనారాయణ అని నిండుగా పెట్టిన పేరు పదో తరగతి మెమోలో వి.వి. సత్యనారాయణ అవుతుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, పాస్‌పోర్టుకొచ్చేసరికి మూడో రకం. జీఆర్ఈకి మన దేశంలో గుర్తింపు కింద మామూలుగా చూపించేది పాస్‌పోర్టే. పరీక్షకి పేరు నమోదు చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, ఆ అక్షరాలతోనే కొట్టాలి. తేడా ఉంటే సెంటర్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు, కట్టిన ఫీజు కూడా తిరిగి రాదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా చిక్కే. అమెరికా వీసా మీద మీ పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని మూడు అక్షరాలు పడతాయి. పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడికి వెళ్లాక బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, జీతం కాగితాలు అన్నింట్లో అదే వెంటాడుతుంది. కాబట్టి ఇంటిపేరు విడిగా, పూర్తిగా ఉండేలా పాస్‌పోర్టు మళ్లీ తీయించుకోండి. ఈ పని వేసవి సెలవుల్లోనే అయిపోవాలి. పరీక్షలు రాశాక పేరు మారిస్తే ఆ స్కోర్లూ ఈ పాస్‌పోర్టూ ఒకరివేనని రుజువు చేసుకుంటూ కూర్చోవాలి.

[తెర మీద: పట్టీ మారుతుంది: జూన్ నుంచి ఆగస్టు. వెనక ఊడ్పుల దృశ్యం]

కాలువలకి నీళ్లొచ్చాక పరీక్ష సంగతి. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ పొట్టిదైంది. మొత్తం 1 గంట 58 నిమిషాలు. వెర్బల్, అంటే ఇంగ్లీషు, 27 ప్రశ్నలు; క్వాంట్, అంటే లెక్కలు, 27 ప్రశ్నలు; 30 నిమిషాల వ్యాసం ఒకటి. వెర్బల్, క్వాంట్ రెండింటికీ మార్కులు 130 నుంచి 170 వరకు. ఒక్కొక్కటి రెండు విడతలుగా వస్తుంది, ముందు 12 ప్రశ్నలు, తర్వాత 15. మొదటి విడత బాగా చేస్తే రెండోది కష్టంగా వస్తుంది, ఎక్కువ మార్కులకి దారి అక్కడే. తప్పుకి మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకండి.

ఇంట్లో కూర్చుని కూడా రాయవచ్చు. మా సలహా మాత్రం సెంటర్‌కే వెళ్లమని. ఇంట్లో రాస్తే గది తలుపు వేసి ఉండాలి, మధ్యలో ఎవరూ లోపలికి రాకూడదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదు, మామూలు కాగితం మీద లెక్క చేయకూడదు. చిన్న వైట్‌బోర్డు లాంటిది వాడాలి. కరెంటు పోయినా నెట్ ఆగినా ఆ రోజు పోయినట్టే. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి తుపాను రోజులు కూడా. అందుకే ఆగస్టులోగా ఒకసారి రాసేయండి. సరిపోకపోతే 21 రోజుల తర్వాత మళ్లీ రాసుకోవచ్చు. స్కోరు 5 ఏళ్లు పనికొస్తుంది. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే, కాబట్టి ఇంగ్లీషు పరీక్ష మరీ ముందుగా రాయకండి.

సెంటర్‌లో పరీక్ష రాసిన రోజే నాలుగు యూనివర్సిటీలకి స్కోరు ఉచితంగా పంపించుకోవచ్చు. ఆ తర్వాత పంపే ప్రతిదానికీ డబ్బు కట్టాలి. యూనివర్సిటీల పేర్లు తేల్చుకోకుండా పరీక్షకి వెళ్లినవాళ్లు ఈ నాలుగూ వృథా చేసుకుంటారు. జీఆర్ఈ అడగని కోర్సులు కూడా చాలానే ఉన్నాయి, ముందు ఆ కోర్సు పేజీ చదవండి.

[తెర మీద: మార్కుల మెమోల కట్ట, సీల్ వేసిన కవరు]

మెమోల విషయం త్వరగా చెప్పేస్తాం. నాలుగో ఏడులో ఉండగా దరఖాస్తు పెడతారు కాబట్టి అప్పటికి అయిన ఆరు సెమిస్టర్ల మెమోలు స్కాన్ చేసి పెడితే చాలా చోట్ల సరిపోతుంది. సీటు ఖాయమయ్యాక సీల్ చేసిన ట్రాన్స్‌స్క్రిప్టులు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకే చోట ఉండే మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) అడుగుతారు. మీది జేఎన్‌టీయూ కాకినాడకి అనుబంధ కాలేజీ అయితే యూనివర్సిటీ దగ్గర, అటానమస్ అయితే మీ కాలేజీ పరీక్షల విభాగంలో ముందుగానే అడిగి విధానం రాసుకోండి. మీ సీజీపీఏని అమెరికా పద్ధతిలో నాలుగుకి మీరే లెక్కగట్టి వేయకండి. ఫారంలో పది మీద ఎంతో అంతే వేయండి, పది అనేది కూడా రాయండి. బ్యాక్‌లాగులుంటే దాచకండి. మెమోలో కనబడేదాన్ని ఫారంలో దాస్తే, తప్పిన సబ్జెక్టు కంటే దాచిన సంగతే పెద్దదవుతుంది.

[తెర మీద: పట్టీ: సెప్టెంబరు. కాలేజీ స్టాఫ్ రూము]

ఇక రికమండేషన్ లెటర్లు. మామూలుగా మూడు అడుగుతారు. ఇక్కడ మన దగ్గర పాతుకుపోయిన అలవాటు ఒకటుంది. మాస్టారు "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెట్టేస్తాను" అంటారు. ముగ్గురివీ ఒకే అబ్బాయి, ఒకే రాత్రి, ఒకే ల్యాప్‌టాప్ మీద రాస్తాడు. మూడింట్లోనూ అవే విశేషణాలు, అవే వాక్యాల పొడవు. చదివేవాళ్లు రోజుకి వందల ఉత్తరాలు చూసేవాళ్లు, ఇట్టే పోల్చుకుంటారు. పైగా ఈ ఉత్తరాలు ఇప్పుడు కాగితం మీద వెళ్లవు. యూనివర్సిటీ పోర్టల్ మాస్టారి మెయిల్‌కి లింకు పంపుతుంది, ఆయనే ఎక్కించాలి. విద్యార్థి ఇంటి నుంచే ఎక్కిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయే వీలుంది. అనుమానం వస్తే దరఖాస్తు మొత్తం పక్కన పెట్టేస్తారు.

మరి ఏం చేయాలి? మాస్టారికి ఉత్తరం బదులు సమాచారం రాసివ్వండి. ఒక్క పేజీ చాలు. "మీ దగ్గర ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చదివాను, ఎన్ని మార్కులొచ్చాయి, ల్యాబ్‌లో ఏ ప్రయోగం మొదట పాడైంది, దాన్ని ఎలా సరిచేశాను, ప్రాజెక్టులో నా వంతు ఏది, ఏ యూనివర్సిటీలకి, ఏ తేదీలోగా." ఇదిస్తే మాస్టారు తన మాటల్లో అరగంటలో రాయగలరు. ముగ్గురినీ వేర్వేరు కోణాల నుంచి ఎంచుకోండి. పాఠం చెప్పినవారు ఒకరు, ప్రాజెక్టు గైడు ఒకరు, ఇంటర్న్‌షిప్‌లో పని చూసినవారు ఒకరు. పెద్ద హోదా ఉంది కదా అని మీ మొహం గుర్తుపట్టని ప్రిన్సిపాల్‌గారిని అడగకండి.

కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ అడిగి తీసుకోండి. సొంత జీమెయిల్ ఇస్తే కొన్ని పోర్టళ్లు ఒప్పుకోవు. ఫారంలో "ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నారా" అని ప్రశ్న ఉంటుంది. వదులుకుంటున్నాను అనే పెట్టండి, అప్పుడే చదివేవాళ్లకి ఉత్తరం మీద నమ్మకం. లింకు పంపిన రోజే ఫోన్ చేసి, "మాస్టారూ, స్పామ్‌లో కూడా ఒకసారి చూడండి" అని చెప్పండి. సెమిస్టర్ పరీక్షలు, పేపర్లు దిద్దే పని వాళ్లకి డిసెంబరులో మీద పడతాయి. అందుకే సెప్టెంబరులో అడగాలి, గడువుకి రెండు వారాల ముందు మళ్లీ గుర్తుచేయాలి.

[తెర మీద: ఖాళీ పేజీ మీద మెరిసే కర్సర్. తర్వాత, తెల్లవారుజామున రొయ్యల చెరువు, తిరుగుతున్న ఏరేటర్లు]

ఎస్ఓపీకి, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసానికి వద్దాం. ఒకటిన్నర, రెండు పేజీలు. మీ గురించి మీరు మాట్లాడే చోటు దరఖాస్తు మొత్తంలో ఇదొక్కటే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఎక్కువమంది మొదలుపెట్టేది ఇలా: "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎంతో ఇష్టం." ఈ వాక్యం ఎవరైనా రాయగలరు, అందుకే ఇది ఎవరి గురించీ ఏమీ చెప్పదు. భీమవరం చుట్టుపక్కల కాలేజీలో ఈసీఈ చదివే అమ్మాయి రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే ప్రాజెక్టు చేసిందనుకుందాం. మామూలుగా ఆమె రాసేది: "నేను ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఆక్వా వ్యవస్థను విజయవంతంగా తయారుచేశాను." విజయవంతంగా అంటే ఏమిటో చదివేవాళ్లకి అర్థం కాదు.

[తెర మీద: అదే పేరా, కొట్టివేతలతో, తిరగరాసిన రూపం]

అదే సంగతి ఇలా రాస్తే చూడండి. "రాత్రంతా రొయ్యలూ నాచూ ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ లేక కొత్తది తయారు కాదు. అందుకే చెరువులో ఆక్సిజన్ తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఏరేటర్ తిరిగేలా సెన్సర్ అమర్చాం. మొదటి రోజులు బాగానే పనిచేసింది. తర్వాత సెన్సర్ మీద జిగట పొర పట్టి, ఆక్సిజన్ ఉన్నా లేనట్టు చూపించింది, మోటారు అనవసరంగా తిరిగింది. శుభ్రం చేసే ముందూ తర్వాతా రీడింగులు పక్కపక్కన పెట్టి తేడా లెక్కగట్టి సరిచేశాను. కానీ నిజంగా ఆక్సిజన్ తగ్గిందా, సెన్సరే తప్పు చెబుతోందా అని మనిషి వెళ్లి చూడకుండా పోల్చడం నాకు చేతకాలేదు. అది నేర్చుకోవాలని సిగ్నల్ ప్రాసెసింగ్ చదవాలనుకుంటున్నాను."

ఇందులో గొప్పలేమీ లేవు. ఒక పని ఉంది, అది చెడిన తీరుంది, చేసిన సవరణ ఉంది, మిగిలిపోయిన ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నే ఎంఎస్‌కి కారణం అవుతుంది. తర్వాతి పేరాలో ఆ యూనివర్సిటీలో ఈ ప్రశ్నకి దగ్గరగా ఏ కోర్సులున్నాయో, ఏ ల్యాబ్ పనిచేస్తోందో రాస్తే దారం తెగదు. చేయని పని మాత్రం ఒక్క ముక్క కూడా కలపకండి. సీనియర్ ఎస్ఓపీ తెచ్చి పేర్లు మార్చకండి, కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్లు అక్కడ మామూలు విషయం.

కన్సల్టెన్సీకి వెళ్లడం తప్పేమీ కాదు. అయితే పోర్టల్ ఖాతా మీ సొంత మెయిల్‌తోనే తెరవండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. బ్యాంకులో డబ్బు ఉన్నట్టు చూపించడానికి కాగితాలు మేము ఏర్పాటు చేస్తాం అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. వీసాకి దొంగ కాగితం పెట్టినట్టు తేలితే అమెరికా చట్టం ప్రకారం ఆ అనర్హత జీవితాంతం ఉంటుంది.

[తెర మీద: పట్టాదారు పాసుపుస్తకం, ఈసీ, బ్యాంకు మంజూరు పత్రం]

డబ్బు సంగతి అమ్మానాన్నలు పక్కన కూర్చుని వినాల్సింది. సీటొచ్చాక, వీసాకి కావాల్సిన ఐ-20 అనే పత్రం యూనివర్సిటీ ఇవ్వడానికి మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపించమంటారు. వాళ్లు లెక్కలోకి తీసుకునేది పొదుపు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్, విద్యారుణం మంజూరు పత్రం. మూడెకరాల వరిచేను, కొబ్బరితోట, బంగారం ఆ లెక్కలోకి రావు.

పొలం తాకట్టు పెట్టి లోను తెద్దాం అనుకుంటారు నాన్నగారు. చాలా బ్యాంకులు ఒప్పుకోవు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు తాకట్టు ఆస్తిని కోర్టుకి వెళ్లకుండా వేలం వేయగలదు. కానీ అదే చట్టంలో 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. అందుకే విద్యారుణానికి పొలం కంటే ఇల్లో, ఇళ్లస్థలమో అడుగుతారు. అక్కడ ఇంకో ముడి: గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో, తాతలనాటి ఇల్లయితే రిజిస్టరు దస్తావేజు ఉండదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం, తీస్తే ఏమీ రాదు. బ్యాంకు లాయరు లింకు దస్తావేజులు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత కాగితాలు అడిగితే చూపించడానికి ఉండవు. ఈ సంగతి మేలో బయటపడితే వీసాకి టైము చాలదు. అక్టోబరులోనే ఇంటి కాగితాలు తీసి ఒక లాయరుకి చూపించండి.

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. విదేశీ చదువుకి 4 లక్షలు దాటితే 15 శాతం మీరు పెట్టుకోవాలి. మొత్తం ఖర్చు 40 లక్షలైతే 6 లక్షలు చేతిలో ఉండాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్నులు వేయని ఇళ్లు మన దగ్గర ఎక్కువ. అలాంటప్పుడు జీతం ఉన్న మేనమామో, బాబాయో సహదరఖాస్తుదారుగా ఉండగలరేమో ముందే అడగండి. ధాన్యం డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడేలా చూసుకోండి, ఆ ఎంట్రీలు ఉపయోగపడతాయి.

[తెర మీద: పట్టీ: నవంబరు, డిసెంబరు. గడియారాలు రెండు]

ఆరేడు యూనివర్సిటీలు చాలు. గడువు రాత్రి 11:59 అని ఉంటే అది అమెరికా టైము. చలికాలంలో తూర్పు తీరం గడియారమైతే మనకి మర్నాడు ఉదయం 10:29, పడమటి తీరమైతే మధ్యాహ్నం 1:29. ఆ చివరి గంట కోసం కూర్చోకండి. ఫీజు కట్టేటప్పుడు కార్డు మీద అంతర్జాతీయ చెల్లింపులు ఆపేసి ఉంటాయి, ముందురోజే తెరిపించుకోండి. పంపేశాక వారానికోసారి పోర్టల్‌లోకి వెళ్లి, ఉత్తరాలు మూడూ చేరాయా, స్కోరు చేరిందా చూడండి. చేరకపోతే మెయిల్ రాయాల్సింది మీరే.

ఫలితాలు ఫిబ్రవరి నుంచి వస్తాయి. అమెరికా యూనివర్సిటీలు చాలా కలిసి చేసుకున్న ఒప్పందం ఒకటుంది, ఏప్రిల్ 15 తీర్మానం అంటారు. స్కాలర్‌షిప్పో, అసిస్టెంట్‌షిప్పో (అక్కడ పనిచేసినందుకు ఇచ్చే డబ్బు) ఇస్తామన్న యూనివర్సిటీ దాని మీద సంతకం పెట్టినదైతే, ఆ తేదీకి ముందు జవాబు చెప్పమని మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. అన్ని జవాబులూ వచ్చేదాకా ఆగండి. వెళ్లని చోటికి మాత్రం రావడం లేదని వెంటనే రాసి పంపండి, ఆ సీటు కోసం వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి అది చేరుతుంది.