అప్పచెప్పించుకోండి

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం విజయవాడలో బెంజి సర్కిల్ దాటి పోరంకి వైపు వెళ్తుంటే హాస్టళ్ల కిటికీల్లో పుస్తకాల మీదికి వంగిన తలలు వరుసగా కనిపిస్తాయి. ఆ పిల్లలకు కష్టపడడం ఎవరూ నేర్పనక్కరలేదు. నా బాధల్లా ఆ గంటలు ఎటు పోతున్నాయన్నదే. చదివిన పేజీనే మళ్లీ చదువుతారు, గీసిన గీత మీదే మళ్లీ రంగు పూస్తారు. నాలుగోసారికి పేజీ బాగా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి చెప్పమంటే రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు.

చదివింది నిలవాలంటే ఏం చేయాలో మన పెద్దలకు తెలుసు. దానికి వాళ్లు పెట్టిన పేరు అప్పచెప్పడం. సత్యనారాయణపురంలో మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ పదమూడో ఎక్కం అప్పచెప్పించుకునేది. ఏడు దగ్గర తడబడితే జవాబు అందించేది కాదు. చేట పక్కన పెట్టి నా వైపు చూస్తూ కూర్చునేది. ఆ నిశ్శబ్దంలో వెతికి వెతికి తెచ్చుకున్న తొంభై ఒకటి ఇప్పటికీ జారిపోలేదు.

అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఇదే చెబుతుంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తర్వాత వాళ్లకు 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. పరీక్ష ముందురాత్రి చదువు మనల్ని ఎలా నమ్మించి ముంచుతుందో ఇందులోనే ఉంది.

మరి ఎప్పుడెప్పుడు తిరగేయాలి? అష్టావధానం చూసినవారు గుర్తు చేసుకోండి. అవధాని ఒకరిచ్చిన సమస్యకు పద్యంలో ఒక పాదం చెప్పి, ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపదికి వెళ్తాడు, అక్కడి నుంచి వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పే నిషిద్ధాక్షరికి. మధ్యలో గంటలు మోగుతాయి, అప్రస్తుత ప్రసంగి అడ్డం వస్తాడు. చుట్టు తిరిగి మొదటి పద్యం దగ్గరికి వచ్చినప్పుడు పాత పాదాన్ని మనసులోంచి పైకి తీసి రెండోది జోడిస్తాడు. చివర ధారణలో పద్యాలన్నీ కాగితం లేకుండా చెబుతాడు. ఆ ప్రతిభ అందరికీ అబ్బదు, నిజమే. కానీ వదిలి వెళ్లి, మళ్లీ వచ్చి తెచ్చుకోవడం ఏ పిల్లవాడైనా చేయగలడు. మరుపు మొదటి రోజే వేగంగా సాగుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు. కాబట్టి ఈరోజు చదివింది రేపు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, ఆపై పది రోజులకు ఒకసారి పుస్తకం మూసి చెప్పుకోవాలి. నిద్ర మాత్రం తగ్గించకండి. నేర్చుకున్నది స్థిరపడేది ఆ నిద్రలోనే.

అమ్మలకు, నాన్నలకు ఒక మనవి. ఈ రాత్రి భోజనాల దగ్గర "ఎంత చదివావు?" అని అడగవద్దు. "ఏం చదివావో చెప్పు, వింటాను" అనండి. ఆ పాఠం మీకు తెలియకపోయినా ఫరవాలేదు. ఆగిపోతే తొందరపెట్టకండి. కాసేపటికీ రాకపోతే ఆ ఒక్క ముక్క పుస్తకంలో చూసుకోనివ్వండి. రేపు మళ్లీ అక్కడి నుంచే అడగండి.

నమస్కారం.