జీతం పెరిగింది సరే, మీ ధీమా ఎన్ని రోజులు పెరిగింది?

[తెర మీద తెల్లకాగితం. పెన్నుతో 100 అని రాస్తున్న చెయ్యి.]

మీ జీతం ఎంతైనా కానివ్వండి, ఈ వీడియో అయ్యేదాకా దాన్ని 100 అనుకుందాం. నెల తిరిగేసరికి 90 ఖర్చయిపోతోంది, 10 మిగులుతోంది. రేపు ఏ కారణం చేతనైనా జీతం ఆగిపోతే, ఇదే తీరులో ఒక్క నెల గడవడానికి 90 కావాలి. నెలకి 10 చొప్పున ఆ 90 పోగవ్వడానికి ఎంత కాలం పడుతుంది? 9 నెలలు. అంటే 9 నెలలు కష్టపడితే ఒక్క నెల ధీమా.

[90 కింద గీత. పక్కనే 75 అని రాస్తారు.]

అదే జీతం, ఖర్చు మాత్రం 75. మిగిలేది 25. ఇప్పుడు 3 నెలలు పనిచేస్తే చాలు, ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఖర్చు తగ్గింది ఆరో వంతే. పట్టే కాలం మాత్రం 9 నెలల నుంచి 3 నెలలకి వచ్చేసింది. ఎందుకలా? ఖర్చు తగ్గితే మిగులు పెరుగుతుంది, అది అందరికీ తెలుసు. దాంతోపాటు మనం బతకడానికి కావాల్సిన మొత్తం కూడా తగ్గుతుంది. ఈ రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఖర్చు పెరిగినప్పుడు కూడా దెబ్బ ఇలాగే రెండువైపులా పడుతుంది.

[కొత్త కాగితం. పైన 120.]

ఇప్పుడు ఇంక్రిమెంట్ వచ్చింది. 100 కాస్తా 120 అయింది. జీతంతోపాటే ఖర్చూ అదే లెక్కన పెరిగి 108కి చేరింది. 12 మిగులుతోంది. ఇదివరకు 10 మిగిలేది కాబట్టి, బాగానే ఉన్నాం అనిపిస్తుంది. కానీ 108ని 12తో భాగించండి. మళ్లీ అవే 9 నెలలు!

ఇంకో సంగతి. ఇన్నాళ్లూ మీరు కష్టపడి దాచిన 90 ఉందనుకోండి. నిన్నటిదాకా అది 30 రోజులకి సరిపోయేది. నెల ఖర్చు 108 అయ్యాక అదే డబ్బు 25 రోజులకే వస్తుంది. జీతం పెరిగిన నెలలో మీ ధీమా 5 రోజులు తగ్గింది. బ్యాంకు బ్యాలెన్స్‌లో ఒక్క అంకె కూడా మారలేదు, అందుకే ఇది కంటికి కనిపించదు.

పెరిగిన 20లో సగమే ఖర్చు చేశారనుకుందాం. ఖర్చు 100, మిగులు 20. 5 నెలలకి ఒక నెల ధీమా. సుఖపడడానికీ దారి ఉంది, ముందుకీ కదిలారు. నా మాట అడిగితే, పాతికేళ్ల వయసులో ఉన్నవాళ్లకి ఈ సగం లెక్క చాలా మంచిది. మొత్తం దాచెయ్యమని చెప్పేవాళ్ల మాట ఎక్కువ కాలం ఎవరూ వినలేరు.

[పాతకాలపు గది బొమ్మ. ఎర్రటి గౌను.]

అసలు ఖర్చు మనకి తెలియకుండా ఎందుకు పెరుగుతుంది? 1769లో డెనిస్ దిదెరో అనే ఫ్రెంచి రచయిత తన కొత్త గౌను గురించి ఒక వ్యాసం రాశాడు. ఇంట్లో వేసుకునే ఎర్రటి గౌను. అది వచ్చాక దాని పక్కన గదిలో ఉన్నవన్నీ వెలవెలబోయాయి. గడ్డితో అల్లిన కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది. చెక్క బల్ల పోయి ఖరీదైన డెస్కు వచ్చింది. ఒక వస్తువు కొంటే అది తనకి సరిజోడు వస్తువులన్నింటినీ వెంట తెచ్చుకునే ఈ తీరుకి 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త దిదెరో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. పెద్ద ఇంట్లోకి మారినప్పుడు మనకీ ఇదే జరుగుతుంది. అద్దె తేడా మాత్రమే లెక్క చూసుకుని మారతాం. ఆ తర్వాత కర్టెన్లు, సోఫా, ఖాళీగా కనిపిస్తున్న గోడకి ఏదో ఒకటి... ఇవేవీ ఆ లెక్కలో ఉండవు.

అందుకే చిన్న చిన్న ఖర్చుల మీద పడి యువతని తిట్టే సలహాలంటే నాకు నచ్చదు. స్నేహితులతో సినిమాకి వెళ్లడం మీ సమస్య కాదు. అది వచ్చే వారమే మానుకోవచ్చు. సంతకం పెట్టిన అద్దె ఒప్పందం, బండి లోను, ఏడాది పాటు కట్టాల్సిన వాయిదా, వీటిని వచ్చే వారం మానుకోలేరు. ఇంక్రిమెంట్ రాగానే ఒకసారి అయిపోయే ఖర్చు పెట్టుకోండి. అమ్మానాన్నలకి ఏదైనా కొనండి, ఎక్కడికైనా వెళ్లి రండి. నెలనెలా కట్టాల్సినదాన్ని మాత్రం ఒక్కటి నెత్తికెత్తుకునే ముందు కూడా పది రోజులు ఆలోచించండి.

[కార్డు బిల్లు. 'కనీసం కట్టాల్సింది' అన్న గడి పెద్దదవుతుంది.]

కార్డు సంగతి. 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు వేలం వేశారు. కొందరికి నగదుతోనే కట్టాలని చెప్పారు, కొందరికి కార్డుతోనే అన్నారు. కార్డు వాళ్లు పాడిన పాట సగటున నగదు వాళ్లకి రెట్టింపు దాటింది. అవే టికెట్లు!

కొనడం వరకే అయితే పర్లేదు. బిల్లులో మినిమం డ్యూ అని ఒకటి ఉంటుంది చూశారూ, అదే ప్రమాదం. బాకీ 10,000, నెలకి 3 శాతం వడ్డీ, కనీసం కట్టాల్సింది బాకీలో 5 శాతం అనుకుందాం. కొత్తగా ఏమీ కొనకుండా, ఒక్క నెల కూడా తప్పకుండా ఆ కనీసం మాత్రమే కడుతూ పోయారు. ఏడాదిలో మీ జేబు నుంచి దాదాపు 5,500 వెళ్లిపోతుంది. ఇంకా బాకీ ఎంత? సుమారు 7,700. ఎక్కడా ఆలస్యం చెయ్యలేదు, జరిమానా పడలేదు, అయినా ఇదీ పరిస్థితి.

[ఫోన్‌లో బ్యాంకు యాప్.]

మరి ఏం చెయ్యాలి? రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు ఒక అమెరికన్ కంపెనీలో ఇవాళే ఎక్కువ దాచడానికి ఇష్టపడని ఉద్యోగుల కోసం ఇంకో పద్ధతి ఆలోచించారు. ఇకపై వచ్చే ప్రతి ఇంక్రిమెంట్‌లో కొంత దానంతటదే పొదుపులోకి వెళ్లేలా ఇప్పుడే ఒప్పుకోమన్నారు. ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. 2004లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చేతికి రాని డబ్బుకి మనం అలవాటు పడం కాబట్టి, వదులుకోవడం కష్టమనిపించదు. మీరూ అంతే చెయ్యండి. పెరిగిన జీతం మొదటిసారి పడేలోపే, జీతం పడిన మర్నాడు పెంపులో సగం వేరే ఖాతాలోకి వెళ్లేలా యాప్‌లో పెట్టెయ్యండి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. అద్దె, తిండి, మందులకే జీతం చాలనివాళ్లు ఉన్నారు. వాళ్లకి ఈ లెక్కలు చెప్పి తప్పు మీదే అనడం అన్యాయం. అక్కడ కావాల్సింది ఆదాయం, పొదుపు పాఠాలు కాదు.

మిగిలినవాళ్లు, ఆ వేరే ఖాతాలో పడ్డ డబ్బుతో ముందు కార్డు బాకీ తీర్చండి. నెలకి 3 శాతం వడ్డీ తప్పించుకోవడాన్ని మించిన పెట్టుబడి మీకు దొరకదు. తర్వాత కనీసం 3 నెలల ఖర్చు పోగయ్యేదాకా, అడిగిన రోజే తీసుకోగలిగే చోట ఉంచండి. ఆ డబ్బుతో షేర్ల జోలికి వెళ్లొద్దు. ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు ఉద్యోగాలు పోవడం, షేర్ల ధరలు పడడం తరచూ ఒకేసారి జరుగుతాయి. సరిగ్గా మీకు అవసరమైన నెలలోనే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది.