ట్రాక్టర్ వెనక 90 గేర్ ఆయిల్ పోస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

[బల్ల మీద రెండు గరాటులు, కింద రెండు గాజు గ్లాసులు]

"ఆయిల్ ఏదైతే ఏముంది అన్నా, జిడ్డుంటే చాలు కదా!" ఈ మాట విని విని విసుగొచ్చింది. జిడ్డే కావాలంటే ఆముదమూ జిడ్డే. పోస్తారా మరి?

ఇంజన్ ఆయిల్ సంగతి తర్వాత. డబ్బులు ఎక్కువ పోయేది వెనక ఆయిల్ దగ్గర, అంటే గేర్‌బాక్స్ వైపు పోసే ఆయిల్ దగ్గర. మీది ఆయిల్ బ్రేకుల బండి (బ్రేకు ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండేది) అయితే చాలా మోడళ్లలో గేర్లకీ, వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌కీ, పనిముట్లని ఎత్తే లిఫ్ట్‌కీ, బ్రేకు ప్లేట్లకీ ఒక్కటే ఆయిల్. నాలుగు పనులూ తెలిసిన పాలేరు లాంటిది అది. బస్తా మోస్తాడు, పిలిస్తే గట్టు మీద పరుగెత్తుకొస్తాడు, పొగరుబోతు ఎద్దుని పగ్గం పట్టి నిలబెడతాడు. ఆ పాలేరు పేరు యూటీటీఓ, అంటే యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్. డబ్బా మీదే రాసి ఉంటుంది.

90 గేర్ ఆయిల్ అలా కాదు, పహిల్వాన్. బరువు మోయడంలో తిరుగులేదు. సన్నటి గట్టు మీద పరుగెత్తమంటే మాత్రం కష్టం.

[రెండు గరాటుల్లో చెరో గ్లాసెడు ఆయిల్ పోస్తూ]

చూశారా? పాలేరు దిగిపోయాడు. పహిల్వాన్ ఇంకా తీగలు సాగుతూనే ఉన్నాడు. లిఫ్ట్ పంపు ఈ ఆయిల్‌నే ఫిల్టర్ గుండా లాక్కోవాలి. తెల్లవారుజామున చలిలో చిక్కటి ఆయిల్ దానికి సరిగ్గా అందదు. లిఫ్ట్ నెమ్మదిగా లేస్తుంది, పంపు గీమని మూలుగుతుంది. పహిల్వాన్ నిద్ర లేవలేదన్నమాట.

ఇక బ్రేకులు. ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అరిగిపోకూడదు, తొక్కగానే పట్టుకోవాలి. ఆ పట్టు కుదరడానికే యూటీటీఓలో ప్రత్యేకంగా మందు కలుపుతారు. 90లో ఉండేవి గేరు పళ్ల కోసం వేసిన గంధకం, భాస్వరం మందులు. ఎద్దు పగ్గం పట్టడం పహిల్వాన్‌కి ఎవరూ నేర్పలేదు. మా బాబాయ్ బండికి ఒక షాపులో "ఇది ఇంకా చిక్కన, ఇంకా మంచిది" అని 90 అంటగట్టారు. ఆ తర్వాత బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద గడగడ అదిరేది. ఆయన వస్తున్నాడని వీధి చివరికే తెలిసిపోయేది, అంత కీచు! మేము ఆయిల్ చూడకుండా ప్లేట్లు కొన్నాం. నాకూ బుద్ధి లేదు అప్పుడు.

ఇంకో మాట. 90 గేర్ ఆయిల్ అంటే 40 ఇంజన్ ఆయిల్ కంటే రెండింతలు చిక్కన అనుకోకండి. గేర్ ఆయిల్ కొలత వేరు, ఇంజన్ ఆయిల్ కొలత వేరు. ఒకటి గజాల్లో, ఇంకోటి అడుగుల్లో కొలిచినట్టు. వేడి మీద 90 గేర్ ఆయిల్ చిక్కదనం ఇంజన్ ఆయిల్ 40, 50 దరిదాపుల్లోనే ఉంటుంది.

అలాగని పహిల్వాన్‌ని తిట్టకండి. పొడి బ్రేకులుండి, లిఫ్ట్ ఆయిల్ వేరుగా ఉండే కొన్ని పాత బండ్లలో గేర్‌బాక్స్‌కి 90 పోయమనే పుస్తకంలో ఉంటుంది. పోయండి. నా మాట కంటే మీ బండి పుస్తకం మాట ముఖ్యం.

ఇంజన్ ఆయిల్. 15డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్, బరువు కాదు. "నిన్న మార్చాం, ఇవాళే నల్లబడింది, కల్తీ" అంటారు. డీజిల్ ఇంజన్‌లో మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని. పనిచేసినోడి చొక్కా మాయదా? రంగు చూడొద్దు, బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ చూడండి. చాలా బండ్లకి 250 గంటలకోసారి మార్చమని పుస్తకంలో ఉంటుంది.

భయపడాల్సింది తెలుపు చూసి. దమ్ము చేసిన తర్వాత వెనక డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఎక్కడో సీలు పోయింది. సీలు మార్చకుండా ఆయిల్ ఒక్కటే మారిస్తే మళ్లీ అదే కాఫీ.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రేడియేటర్‌లో బోరు నీళ్లు వద్దు, లోపల ఉప్పు పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపండి. వేడి మీద మూత తీయకండి. ఇంజన్ ఆయిల్ మట్టం చూసేటప్పుడు బండి చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలు అవ్వాలి. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్ డబ్బా వేరుగా ఉంటుంది, అదీ చూడండి.

అదిగో, బాబాయ్ ట్రాక్టర్ కోసం వచ్చేశాడు. కీచు లేదు కాబట్టి గేటు దాకా వచ్చినా తెలియలేదు. ఉంటా మరి.