రేంజర్స్ దివాలా: ప్రత్యర్థులు నవ్వారు, ఆ తర్వాత పట్టుబట్టారు

నమస్తే అండీ. 2012 వసంతకాలం, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం. సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు స్టేడియంలో వేలమంది ఒకే గొంతుతో పాడుతున్నారు. పాట సారం ఇంతే: రేంజర్స్ చచ్చిన రోజు మేం జెల్లీ, ఐస్‌క్రీం తింటాం. బ్రిటన్‌లో జెల్లీ, ఐస్‌క్రీం పిల్లల పుట్టినరోజు పార్టీల్లో పెడతారు. అంటే పక్క క్లబ్ చావుని వీళ్లు పుట్టినరోజులా జరుపుకుంటాం అంటున్నారన్నమాట.

బయటినుంచి చూసేవాళ్లకి ఇది క్రూరంగానే ఉంటుంది. కానీ ఈ కథలో అసలు విషయం ఆ పాట కాదని నా అభిప్రాయం. మూడు, నాలుగు నెలల తర్వాత స్కాట్లండ్ అంతటా చిన్నాపెద్దా క్లబ్బుల అభిమానులు తమ సొంత క్లబ్బుకి నష్టమొస్తుందని తెలిసి కూడా ఒక మాట మీద నిలబడ్డారు. ఫుట్‌బాల్ పెద్దమనుషులంతా వద్దని బతిమాలినా వినలేదు. ఈ వీడియో ఆ మొండితనం గురించి.

[తెర మీద: గ్లాస్గో మ్యాప్. నైరుతిలో రేంజర్స్ స్టేడియం ఐబ్రాక్స్, తూర్పున సెల్టిక్ పార్క్]

ముందు ఈ రెండు క్లబ్బుల సంగతి క్లుప్తంగా చూద్దాం. రేంజర్స్ 1872లో పుట్టింది. సెల్టిక్ 1887లో, ఐర్లండ్ నుంచి వలసొచ్చిన పేద క్యాథలిక్ కుటుంబాల పిల్లలకి అన్నం పెట్టడానికి నిధులు పోగుచేయాలని ఒక మతగురువు మొదలుపెట్టిన క్లబ్. రేంజర్స్ వెనక ప్రొటెస్టెంట్లు, బ్రిటిష్ రాజకుటుంబం అంటే ప్రాణం పెట్టేవాళ్లు. సెల్టిక్ వెనక ఐరిష్ మూలాలున్నవాళ్లు. మతం, రాజకీయం, ఉద్యోగాల్లో చూపిన వివక్ష అన్నీ ఈ పోటీలో కలిసిపోయాయి. మ్యాచ్ రోజు ఏ వీధిలో ఏ రంగు చొక్కా వేసుకోవాలో అక్కడివాళ్లకి బాగా తెలుసు.

ఇంకొక పాత గాయం కూడా ఉంది. 1994 మార్చిలో దివాలా అంచున నిలబడింది సెల్టిక్. బ్యాంకు పెట్టిన గడువు ముగియడానికి నిమిషాల ముందు ఫెర్గస్ మెక్‌కాన్ అనే వ్యాపారవేత్త డబ్బు కట్టి క్లబ్‌ని నిలబెట్టాడు. తర్వాత వేలమంది మామూలు అభిమానులు షేర్లు కొన్నారు, ఆ డబ్బుతోనే స్టేడియం మళ్లీ కట్టారు. ఆ రోజుల్లో రేంజర్స్ వరుసగా తొమ్మిది టైటిళ్లు కొట్టే ఊపులో ఉంది. సెల్టిక్ ఒక రూపాయి పెడితే మేం రెండు పెడతాం అన్నంత ధీమా యజమాని డేవిడ్ మర్రీది. అప్పుడు రేంజర్స్ వైపునుంచి ఎదురైన ఎగతాళిని సెల్టిక్ వాళ్లు మర్చిపోలేదు. 2012లో వాళ్లు పాడిన పాటలో ఆ పద్దెనిమిదేళ్ల బాకీ కూడా ఉంది.

[తెర మీద: 1 పౌండ్ నాణెం]

మరి అంత పెద్ద క్లబ్ ఎలా కూలింది? 2001 నుంచి దాదాపు పదేళ్లపాటు రేంజర్స్ తన ఆటగాళ్లకి, మేనేజర్లకి, డైరెక్టర్లకి ఒక ట్రస్టు ద్వారా 4.7 కోట్ల పౌండ్ల వరకు ఇచ్చింది. కాగితం మీద అది జీతం కాదు, అప్పు. అప్పు మీద ఆదాయపు పన్ను ఉండదు కదా. అదీ ఎత్తు. బ్రిటన్ పన్ను శాఖ ఊరుకోలేదు, కేసు వేసింది. ఆ కేసు ఓడిపోతే కట్టాల్సింది ఎన్ని కోట్లో ఎవరికీ స్పష్టంగా తెలియని పరిస్థితి. అలాంటి క్లబ్‌ని డబ్బున్నవాడు, బుద్ధున్నవాడు ఎవడు కొంటాడు?

అందుకే 2011 మేలో మర్రీ తన వాటాని క్రెయిగ్ వైట్ అనే వ్యాపారికి ఒక్క పౌండుకి అమ్మాడు. మీరు విన్నది నిజమే, ఒక్క పౌండు. దానికి బదులుగా బ్యాంకుకి ఉన్న సుమారు 1.8 కోట్ల పౌండ్ల అప్పు తీరుస్తానని వైట్ మాటిచ్చాడు, తీర్చాడు కూడా. అయితే ఆ డబ్బు అతని జేబులోది కాదు. రాబోయే సీజన్ల టికెట్లని టికెటస్ అనే సంస్థకి ముందే అమ్మేసి తెచ్చిన డబ్బు. పంట చేతికి రాకముందే పైరుని దళారికి రాసిచ్చి పాత అప్పు తీర్చడం లాంటిదిది. అప్పు తీరినట్టు కనిపిస్తుంది, వచ్చే ఏడాది గాదె మాత్రం ఖాళీ.

పైగా ఆ ఆగస్టులోనే రేంజర్స్ యూరప్ పోటీల్లో మొదట స్వీడన్ జట్టు మాల్మో చేతిలో, తర్వాత స్లొవేనియా జట్టు మారిబోర్ చేతిలో ఓడింది. యూరప్‌నుంచి రావాల్సిన డబ్బు మొత్తం పోయింది. ఇక క్లబ్ నడవడానికి మిగిలిన దారి ఒక్కటే అయింది. ఆటగాళ్ల జీతాల్లోంచి కోసుకున్న పన్నుని, టికెట్ల మీద వసూలు చేసిన వ్యాట్‌ని ప్రభుత్వానికి కట్టకుండా వాడుకోవడం. మన దగ్గర కంపెనీ ఉద్యోగుల టీడీఎస్ కోసేసుకుని జమ చేయకపోతే ఎలాగో, ఇదీ అంతే. తొమ్మిది నెలల్లో ఆ బకాయి 90 లక్షల పౌండ్ల దగ్గరికి చేరింది. 2012 ఫిబ్రవరి 14న రేంజర్స్ చేతులెత్తేసి అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేని కంపెనీని బయటి నిపుణుల చేతికి అప్పగించే ఏర్పాటులోకి, వెళ్లింది. పది పాయింట్లు కోత పడ్డాయి. టైటిల్ ఆశ అక్కడితో సరి.

వైట్ విషయంలో ఒకటి సరిగ్గా చెప్పాలి. క్లబ్‌ని మోసంతో కొన్నాడన్న అభియోగం మీద 2017లో కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. కంపెనీ డైరెక్టర్‌గా ఉండకుండా 15 ఏళ్ల నిషేధం మాత్రం అంతకుముందే పడింది.

[తెర మీద: అప్పులవాళ్ల జాబితా]

ఇప్పుడు ఈ జాబితా చూడండి. రేంజర్స్ ఎవరెవరికి బాకీ ఉందో అడ్మినిస్ట్రేటర్లు బయటపెట్టారు. పైన పన్ను శాఖ, టికెటస్ లాంటి పెద్ద పేర్లు. కిందికి వస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. మ్యాచ్‌లకి అంబులెన్స్ పంపిన స్కాటిష్ అంబులెన్స్ సర్వీసు ఉంది. కప్ మ్యాచ్ టికెట్ల డబ్బు రావాల్సిన డండీ యునైటెడ్ ఉంది. సెల్టిక్ కూడా ఉంది. ఐబ్రాక్స్‌లో సీటు కోసం బాండ్లు కొన్న రేంజర్స్ సొంత అభిమానులే వేలమంది ఉన్నారు. అందరికన్నా చిన్న మొత్తాల్లో ఒకటి 40 పౌండ్లు, పిల్లల ముఖాలకి రంగులేసే ఒకావిడకి రావాల్సింది.

సెల్టిక్ అభిమానులు ఆవిడ బాకీని పట్టుకుని రేంజర్స్‌ని ఎంత ఆట పట్టించారో చెప్పలేం. చాలామంది దాన్ని చౌకబారు ఎగతాళి అన్నారు. నేను ఒప్పుకోను. కోట్ల పౌండ్లకి ఆటగాళ్లని కొని కప్పులు ఎత్తిన క్లబ్ ఒక మనిషి ఒకరోజు కూలి ఎగ్గొట్టిందని అందరికీ వినపడేలా గుర్తుచేసింది ఆ ఎగతాళే. అయితే అదే నవ్వు ఐబ్రాక్స్ ఆఫీసులో, వంటగదిలో పనిచేసేవాళ్ల మీదికి వెళ్లినప్పుడు నాకు నచ్చలేదు. వాళ్ల ఉద్యోగాలు పోకుండా ఉండటానికి పెద్ద ఆటగాళ్లు 75 శాతం దాకా జీతం కోత ఒప్పుకున్నారు. ఆ సంగతి ఈ గోలలో ఎవరికీ పెద్దగా వినపడలేదు.

[తెర మీద: జూన్, జూలై 2012]

ఇక నేను ముందు చెప్పిన అసలు ఘట్టం. 2012 జూన్‌లో, ప్రతి పౌండు బాకీకి కొన్ని పెన్నీలు తీసుకుని సరిపెట్టుకోమన్న ఒప్పందాన్ని పన్ను శాఖ తోసిపుచ్చింది. అంటే పాత కంపెనీ మూతపడటం ఖాయం. స్టేడియం, పేరు, ఆటగాళ్ల ఒప్పందాలు అన్నీ కలిపి చార్లెస్ గ్రీన్ బృందం 55 లక్షల పౌండ్లకి కొనుక్కుని కొత్త కంపెనీ పెట్టింది. ఆ కొత్త కంపెనీ, అప్పులన్నీ పాతదాని నెత్తిన వదిలేసి, నేరుగా టాప్ లీగ్‌లోనే ఆడతానంది.

లీగ్ నడిపేవాళ్లకి అదే కావాలి. ఎందుకంటే టీవీ ఒప్పందం నిలబడిందే సెల్టిక్, రేంజర్స్ మ్యాచ్‌ల మీద. రేంజర్స్ లేకపోతే ప్రతి చిన్న క్లబ్బుకీ గండే. స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం ముఖ్య అధికారి స్టీవర్ట్ రీగన్ అయితే, రేంజర్స్‌ని అడుగు డివిజన్‌కి పంపితే ఆట నెమ్మదిగా కుళ్లి చస్తుందని, సమాజంలో అశాంతి రేగుతుందని బహిరంగంగానే హెచ్చరించాడు.

అభిమానులు ఏం చేశారు? అబెర్డీన్, డండీ యునైటెడ్, హిబర్నియన్, ఇలా ఊరూరా సీజన్ టికెట్లు రెన్యూ చేయడం ఆపేశారు. క్లబ్ ఆఫీసులకి ఉత్తరాలు, ఈమెయిళ్లు కుప్పలుగా వచ్చాయి. మీరు కొత్త రేంజర్స్‌కి సై అంటే మా డబ్బు మీకు రాదు, అని తేల్చి చెప్పారు. వీళ్లలో సెల్టిక్ వాళ్లలా పాత కక్షలున్నవాళ్లు తక్కువ. ఏటా రేంజర్స్ తమ ఊరికొచ్చినప్పుడు నిండే స్టాండు వల్లే తమ క్లబ్ లెక్కలు సర్దుకుంటాయని వాళ్లకి తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు. మా క్లబ్ అప్పు చేస్తే ఆటగాళ్లని అమ్మి కట్టుకున్నాం, పన్నులు కట్టాం, ఓడిపోయాం, కింది డివిజన్‌కి వెళ్లాం. వీళ్లకి మాత్రం వేరే రూలెందుకు? ఇదీ వాళ్ల ప్రశ్న. దీనికి ఏ అధికారి దగ్గరా జవాబు లేకపోయింది.

జూలై 4న టాప్ లీగ్ క్లబ్బులు ఓటేశాయి. పది వద్దన్నాయి, కిల్మార్నాక్ తటస్థంగా ఉంది, కావాలన్నది రేంజర్స్ ఓటొక్కటే. అయితే కనీసం రెండో డివిజన్‌లోనైనా పెట్టండని చిన్న క్లబ్బుల మీద ఒత్తిడి తెచ్చారు. రైత్ రోవర్స్ ఛైర్మన్ టర్న్‌బుల్ హటన్ స్కాటిష్ ఫుట్‌బాల్ కేంద్రమైన హ్యాంప్డెన్ స్టేడియం మెట్ల మీద నిలబడి, మమ్మల్ని బెదిరిస్తున్నారు, మాకు అబద్ధాలు చెబుతున్నారు అని కెమెరాల ముందే దులిపేశాడు. పెద్దగా డబ్బులేని ఒక కింది డివిజన్ క్లబ్ మనిషి అంత ధైర్యంగా మాట్లాడటం ఇప్పుడు చూసినా గర్వంగా అనిపిస్తుంది. జూలై 13న 30 చిన్న క్లబ్బుల్లో 25 ఒకే మాట చెప్పాయి: అందరికన్నా కింది డివిజన్ నుంచి మొదలుపెట్టండి.

[తెర మీద: పీటర్‌హెడ్ స్టేడియం, పక్కన ఐబ్రాక్స్]

రేంజర్స్ మొదటి లీగ్ మ్యాచ్ ఈశాన్య తీరంలో పీటర్‌హెడ్ అనే చేపల రేవు ఊళ్లో. అక్కడ చివర్లో గోల్ కొట్టి 2-2తో బయటపడ్డారు. వారం తర్వాత ఐబ్రాక్స్‌లో నాలుగో డివిజన్ మ్యాచ్‌కి, ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ మీద ఆటకి 49,118 మంది వచ్చారు. ఇక్కడ రేంజర్స్ అభిమానులకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. క్లబ్‌ని ముంచింది వాళ్లు కాదు, పైన కూర్చున్నవాళ్లు. అయినా డబ్బు కట్టి, వచ్చి, కూర్చుని, అరిచింది వాళ్లే.

మరి స్కాటిష్ ఫుట్‌బాల్ చచ్చిందా? లేదు. 2013లో సెయింట్ మిర్రెన్ లీగ్ కప్ గెలిచింది. 2014లో అబెర్డీన్ పందొమ్మిదేళ్ల తర్వాత ఒక కప్ ఎత్తింది. అదే ఏడాది పెర్త్ పట్టణపు సెయింట్ జాన్‌స్టన్, 1884లో పుట్టిన క్లబ్, తన చరిత్రలో మొదటిసారి స్కాటిష్ కప్ గెలిచింది. 2015లో ఇన్వర్నెస్. 2016లో హిబర్నియన్, అది కూడా ఫైనల్లో రేంజర్స్ మీదే, చివరి నిమిషాల గోల్‌తో, 114 ఏళ్ల తర్వాత. రీగన్ చెప్పిన చావు ఎక్కడా రాలేదు. కష్టాలు రాలేదని కాదు. 2013లో డన్‌ఫర్మ్‌లిన్, హార్ట్స్ రెండూ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లాయి, కానీ వాటి అప్పులు వాటివి.

సెల్టిక్ సంగతి? 2012 నవంబర్‌లో బార్సిలోనాని 2-1తో ఓడించి తమకి ఎవరి తోడూ అక్కర్లేదని చూపించింది. లీగ్‌లో మాత్రం పోటీ లేక, టైటిల్ ముందే తేలిపోయి, స్టేడియంలో సీట్లు ఖాళీగా కనిపించేవి. వరుసగా తొమ్మిది టైటిళ్లు గెలిచినా, వాటిలో నాలుగింటిలో అసలు ప్రత్యర్థి లేడన్న వెలితి ఉంది. ఒప్పుకోని సెల్టిక్ అభిమానులు చాలామంది ఉంటారు, కామెంట్లలో తిట్టండి, పర్వాలేదు.

అంతటితో గొడవ ఆగలేదు. ఇది పాత రేంజర్సేనా, కొత్త క్లబ్బా? పాత కంపెనీ మూతపడింది, అది నిజం. కంపెనీ వేరు, క్లబ్ వేరు, క్లబ్ కొనసాగుతోంది అన్నది లీగ్ వేసిన విచారణ కమిషన్ తీసుకున్న వైఖరి. 2015లో రెండు జట్లు మళ్లీ ఎదురుపడే ముందు, సెల్టిక్ అభిమానులు చందాలేసుకుని ఒక ఆదివారం పత్రికలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చారు: ఇది ఈ రెండు క్లబ్బుల మధ్య మొట్టమొదటి మ్యాచ్ అని! ఆ మ్యాచ్ సెల్టిక్ 2-0తో గెలిచింది. మరుసటి ఏడాది కప్ సెమీఫైనల్లో, ఇంకా రెండో డివిజన్‌లోనే ఉన్న రేంజర్స్ పెనాల్టీల్లో సెల్టిక్‌ని ఓడించింది. రోజుల్లోనే సెల్టిక్ మేనేజర్ రోనీ డెయిలా వెళ్లిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. కొత్త క్లబ్బని వెక్కిరించినవాళ్ల మనసులో ఎదురుగా ఉన్నది పాత శత్రువే అని నాకు అక్కడే అర్థమైంది. 2021లో స్టీవెన్ జెరార్డ్ కోచ్‌గా, లీగ్‌లో ఒక్క ఓటమి లేకుండా రేంజర్స్ టైటిల్ కొట్టి, సెల్టిక్ పదో టైటిల్ కలని చెడగొట్టింది.

మన దగ్గర హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఛాంపియన్ అయింది. తర్వాత జీతాలు ఆగాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఫీజు కట్టలేని, జీతం ఇవ్వలేని యజమానిని లీగ్ ఎంతకాలం ఉండనివ్వాలి అని గట్టిగా అడిగే అభిమానుల బలం మనకింకా లేదు. స్కాట్లండ్‌లో హార్ట్స్ అభిమానులు 2013 నుంచి నెలనెలా చందాలు కట్టి, 2021 ఆగస్టులో క్లబ్‌లో ఎక్కువ వాటాని తమ ఫౌండేషన్ పేరు మీదికి మార్చుకున్నారు. అది ఎలా చేశారు, ఎంత కట్టారు, ఓటు హక్కులు ఎలా పంచుకున్నారు అన్నది హైదరాబాద్ అభిమానులు కూర్చుని చదవాల్సిన విషయం. వచ్చే వీడియో దాని మీదే చేస్తాను.